ఎముకల మాస్టారికి ఉత్తరాలు: 30 దాటితే రోగమేనా?

ప్రశ్న: మాస్టారూ, మాది రాజోలు దగ్గర పల్లె. నాకు 44 ఏళ్లు. వరద నీళ్లప్పుడు పులస కూర తిన్న మర్నాటి నుంచి గొంతులో కుడిపక్క ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. నెలలు గడిచాయి. మా అత్తగారు చెప్పారని అరటిపళ్లు, ఒట్టి అన్నం ముద్దలు మింగాను. గొంతు డాక్టరు గారు గొట్టం వేసి చూసి ముల్లేమీ లేదన్నారు. మొన్న పంటి కోసం ఓపీజీ (దవడ మొత్తం కనబడే ఎక్స్‌రే) తీస్తే ‘కుడి స్టైలాయిడ్ 37 మిల్లీమీటర్లు, పెరిగింది’ అని రాశారు. 30 దాటితే ఈగిల్ జబ్బేనట, ఆపరేషన్ చేయించుకోమంటున్నారు మా వాళ్లు. చేయించుకోవాలా?

జవాబు: అమ్మా, కత్తి మాట ఇప్పుడే వద్దు. ముద్దలు మింగడం కూడా మానండి. నిజంగా ముల్లే ఉంటే అవి దాన్ని ఇంకా లోపలికి దింపుతాయి. ముల్లు గీరిన మంటైతే కొన్ని రోజుల్లో తగ్గాలి, నెలల తరబడి ఉండదు. కాబట్టి పులసని ఏమీ అనకండి.

స్టైలాయిడ్ అంటే చెవి కింద, కపాలం అడుగున, టెంపొరల్ ఎముక నుంచి గంటం మొనలా కిందికీ ముందుకీ దిగే సన్నని ఎముక. రెండుపక్కలా అందరికీ ఉంటుంది. దాని కొస నుంచి గొంతు దగ్గరి హయాయిడ్ ఎముకకి ఒక లిగమెంటు, అంటే గట్టి నార, సాగుతుంది. ఈ రెండూ తల్లి కడుపులో ఒకే మృదులాస్థి కడ్డీలోంచి వస్తాయి. అందుకే కొందరిలో లిగమెంటు పైభాగం కూడా ఎముకలా గట్టిపడి, పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది.

మామూలు పొడవు 20 నుంచి 30 మిల్లీమీటర్లు అని మేం పాఠం చెబుతాం. ఆ 30 మనుషులు గీసుకున్న గీతే. ఈ ఎముక పెరిగి గొంతు నొప్పి పెట్టడమే ఈగిల్ జబ్బు. 1937లో దాన్ని వివరంగా రాసిన అమెరికా డాక్టరు వాట్ ఈగిల్ లెక్కలోనే నూటికి సుమారు నలుగురికి ఈ ఎముక పొడవుగా ఉంటుంది, ఆ నలుగురిలోనూ బాధపడేది అతి కొద్దిమంది.

ఇక మీ 37 సంగతి. ఓపీజీ దవడ చుట్టూ తిరుగుతూ తీసే ఫొటో. యంత్రాన్ని బట్టి 20, 30 శాతం పెద్దదిగా చూపిస్తుంది. నాలుగో వంతు పెంచిందనుకుంటే, మీ 37 అసలు 30 లోపే! ఆ పెంపు తీసేసి రాశారో లేదో మీ రిపోర్టు చెప్పడం లేదు. ఎక్కడి నుంచి కొలిచారో కూడా చెప్పడం లేదు. ఈ ఎముక మొదలు చుట్టూ పల్చటి ఎముక తొడుగు ఉంటుంది. తొడుగు అంచు నుంచి కొలిస్తే ఒక అంకె, కపాలం అడుగు నుంచి కొలిస్తే ఇంకో అంకె.

మళ్లీ గొంతు డాక్టరు గారి దగ్గరికే వెళ్లండి. టాన్సిల్ ఉండే చోట వేలితో నొక్కి చూడమనండి. గట్టి కొస తగిలి, మీ ముల్లు నొప్పే అచ్చంగా లేస్తే అప్పుడు అనుమానించాలి. అక్కడ మత్తు సూది వేస్తే నొప్పి కాసేపు పోవడం ఇంకో ఆధారం. ఆ తర్వాతే సీటీ. అందులో పొడవొక్కటే కాదు, ఎముక లోపలికి ఎంత వంగింది, మెడలోంచి తలకి వెళ్లే కెరోటిడ్ రక్తనాళాలకి ఎంత దగ్గరగా ఉంది అన్నవీ చూస్తారు. పొట్టిదైనా లోపలికి వంగితే బాధపెట్టొచ్చు, పొడుగుదైనా జోలికి రాకపోవచ్చు. మందులకి లొంగకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడుకోవచ్చు. అయితే ముద్ద దిగకపోయినా, గొంతు బొంగురుపోయినా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో నెత్తురు కనబడినా, తల తిప్పితే కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు.

ప్రశ్న: సార్, అమలాపురంలో మొదటి సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థిని. వెర్నియర్ కాలిపర్స్‌తో ఫొరామెన్ మాగ్నమ్ (పుర్రె అడుగున వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం) కొలుస్తున్నాం. పుస్తకంలో 35, 30 మిల్లీమీటర్లు అని ఉంది. మాకు ఒక్కో పుర్రెకి ఒక్కోలా వస్తోంది. మగ, ఆడ తేడా కూడా సరిగ్గా తేలడం లేదు.

జవాబు: ఒక్కోలా రాకపోతేనే అనుమానించాలమ్మా. 35 పొడవు, 30 వెడల్పు అన్నవి సగటులు. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉండొచ్చు, గుండ్రంగానూ ఉండొచ్చు. పొడవు కొలవాల్సింది ముందు అంచు మధ్య బిందువు బేసియాన్ నుంచి వెనక అంచు మధ్య బిందువు ఓపిస్థియాన్ వరకు. పిల్లల చేతుల్లో నలిగిన ల్యాబు పుర్రెల అంచులు విరిగి ఉంటాయి, వార్నిష్ పొర కూడా ఉంటుంది. అవి వేరే పెట్టండి. ఒకరు కొలిచింది ఇంకొకరికి చెప్పకుండా ఇద్దరూ విడివిడిగా కొలవండి. మీ ఇద్దరి అంకెల మధ్యే రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంటే, పుర్రెల మధ్య రెండు మిల్లీమీటర్ల తేడా ఉందని రాయకూడదు.

మగవాళ్లలో సగటు కాస్త ఎక్కువే. కానీ రెండు గుంపుల అంకెలూ చాలావరకు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇంకో మాట అడుగుతాను. ఆ పుర్రెలు ఎవరివో రిజిస్టరులో ఉందా? కనుబొమ్మ గట్టు, చెవి వెనక ఉండే మాస్టాయిడ్ బుడిపె చూసి ‘ఇది మగ’ అని మీరే రాసుకుని, తర్వాత రంధ్రం కొలతతో దాన్నే రుజువు చేస్తుంటే అది తిరగలి తిప్పడమే.

ప్రశ్న: పుర్రె మీది వంకర గీతలు బ్రహ్మ రాసిన తలరాత అనేవారు మా తాతగారు. మీరు చదవగలరా? (మండపేట పాఠకుడు)

జవాబు: వయసు వరకు, అదీ ఉజ్జాయింపుగా బాబూ! పైనున్న గీతలు ఎముకల అతుకులు, అవి మూసుకునే వయసు మనిషికీ మనిషికీ దశాబ్దాలు తేడా. అంతకంటే కపాలం అడుగున ఆక్సిపిటల్, స్ఫినాయిడ్ ఎముకల మధ్య ఉన్న మృదులాస్థి అతుకు నయం. యుక్తవయసులో మూసుకుంటుంది, ఆడపిల్లల్లో కాస్త ముందుగా. అది ఇంకా తెరిచి ఉంటే చిన్న వయసని చెబుతాను. మూసుకుపోయాక మాత్రం ఆ మనిషికి 25 ఏళ్లో 60 ఏళ్లో ఆ అతుకు చెప్పదు.