ప్యాకేజీ గురించి అడిగారు, భయం మాత్రం పెళ్లి గురించి

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీఏ హెచ్‌ఆర్ చివరి సెమిస్టర్. ఏడు లక్షల ఆఫర్ చేతిలో ఉంది. అది వద్దట, ఉద్యోగుల బాగోగులు, ఇల్లు-ఆఫీసు నలుగుడు మీద పీహెచ్‌డీ చేస్తుందట. మా తోడల్లుడు వెల్‌నెస్ కోచ్ (ఉద్యోగులకు ఒత్తిడి తట్టుకోవడం నేర్పే పని) సర్టిఫికెట్‌కు డిమాండ్ ఉందంటున్నాడు. మూడింటిలో ఏది మేలు? వెంటనే తెలుపగలరు. - ఒక బ్యాంకు మేనేజరు, గుంటూరు

జవాబు: సార్, ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. అందరూ జీతం లెక్కే అడుగుతారు. లోపలి లెక్క వేరే: పీహెచ్‌డీ అయ్యేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిది దాటితే సంబంధాలు ఎలా అని. అవునా, కాదా?

ముందు తోడల్లుడి గారి సలహా సంగతి. వారాంతపు క్లాసులతో వచ్చే ఆ సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లో 46,336 మంది ఉద్యోగుల సర్వే సమాచారం పరిశీలించి 2024లో ప్రచురించాడు. ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్ల కంటే బాగున్నట్టు కనిపించలేదు. పని భారం తగ్గించకుండా శ్వాస పీల్చమంటే ఏం లాభం? పిల్ల ఆ కోచ్ పని చేస్తే, కంపెనీ తప్పుకు ఉద్యోగికి క్లాసు పీకే మనిషి అవుతుందేమోనని నా సందేహం.

అమ్మాయి ఎంచుకున్న దారి గట్టిదే. ఎంఐటీలో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ ఎరిన్ కెల్లీ, సామాజిక శాస్త్రవేత్త ఫిలిస్ మోయెన్‌తో కలిసి ఒక అమెరికన్ కంపెనీ ఐటీ విభాగంలో ప్రయోగం చేశారు. ఎప్పుడు, ఎక్కడ పనిచేయాలన్నది కొన్ని టీముల ఇష్టానికే వదిలేశారు. ఆ టీముల్లో అలసట తగ్గింది, మానేసేవాళ్లూ తగ్గారు. అయినా కంపెనీ మరోదానిలో కలిశాక కొత్త యాజమాన్యం ఆ పద్ధతిని ఎత్తేసింది. ఈ రంగంలో అలాంటి నిరాశలూ ఉంటాయి, అమ్మాయికి తెలిసుండాలి.

ఇక మీ సంగతి. గ్రీన్‌హౌస్, బ్యూటెల్ అనే ఇద్దరు 1985లోనే ఇల్లు-ఆఫీసు గొడవను మూడు రకాలుగా చెప్పారు: సమయం చాలకపోవడం, ఆఫీసు చిరాకు ఇంటికి రావడం, ఆఫీసు తీరే ఇంట్లోనూ చూపించడం. మీ ఉత్తరం చివర 'వెంటనే తెలుపగలరు' చూడగానే మూడోది గుర్తొచ్చింది. మీరు అమ్మాయితోనూ ఇలాగే మాట్లాడుతుంటే, తను ఈ టాపిక్ ఎక్కడ పట్టిందో నాకు అర్థమైంది!

డబ్బు గురించి బెంగ వద్దు. జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షలో నెగ్గిన పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000తో మొదలు. రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లినా నష్టం లేదు, ఆఫీసు లోపలి సంగతులు తెలుస్తాయి. పెళ్లంటారా, పీహెచ్‌డీ మధ్యలో చేసుకుని హాయిగా ఉన్నవాళ్లు నా దగ్గర చదివిన పిల్లల్లోనే ఉన్నారు.

ఆదివారం కూర్చోబెట్టి, టాపిక్ ఏంటో చెప్పమ్మా అని అడగండి. బ్రాంచి ఫోను మాత్రం పక్క గదిలో పెట్టండి.