బండి రాని వాళ్ళ లెక్కలో ఇల్లు

ప్రశ్న: అక్కా, మేం తిరుపతిలో పన్నెండేళ్ళుగా అద్దె ఇళ్ళలోనే ఉన్నాం. ఇప్పుడు లోన్ వచ్చేలా ఉంది. రెండు చూశాం. ఒకటి కరకంబాడి రోడ్డులో మంగళం దాటాక లోపలికి, కొత్త ఇండిపెండెంట్ ఇల్లు, ముందర కాస్త ఖాళీ జాగా కూడా ఉంది. రెండోది భవానీ నగర్ దగ్గర పాత అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్, రెండో అంతస్తు. రేటు ఇంచుమించు ఒకటే. మా వాళ్ళందరూ నేల మనదవుతుంది, ఇండిపెండెంటే తీసుకోండి అంటున్నారు. ఇంట్లో మా అత్తయ్య (71 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు), పాప (ఏడో తరగతి), మేమిద్దరం. మావారు పొద్దున బండి మీద వెళ్తే రాత్రికే వస్తారు. నాకు బండి రాదు. ఏది తీసుకోమంటారు?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఫ్లాట్ తీసుకోండమ్మా. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో రాశారు, నాకు బండి రాదు అని. ఇంట్లో నలుగురుంటే బండి నడిపేది ఒక్కరు, ఆయన పగలంతా ఇంట్లో ఉండరు. అంటే మిగతా ముగ్గురూ పాలకీ మందులకీ స్కూలుకీ గుడికీ కాళ్ళ మీదో ఆటో మీదో ఆధారపడాలి. ఆ ముగ్గురి రోజు ఎలా గడుస్తుందో చూసి ఇల్లు కొనాలి గానీ రాత్రి బండి మీద పది నిమిషాల్లో వచ్చేసే ఆయన లెక్కలో కాదు.

నేల గురించి మీ వాళ్ళు అన్నదాంట్లో తప్పు లేదు. జాగా విలువ పెరుగుతుంది, పాత బిల్డింగు విలువ తగ్గుతుంది, అది నిజమే. కానీ ఫ్లాట్‌లో కూడా నేలలో మీకు వాటా ఉంటుంది, రిజిస్ట్రేషన్ పత్రంలో ఎన్ని గజాలని రాస్తారు, అది అడిగి చూడండి. ఊరి నడుమ ఆ కొన్ని గజాలు తక్కువేం కాదు.

మేం కూడా ఒకప్పుడు నేల కోసమే ఊరి బయట ఇల్లు తీసుకున్నాం. నాలుగేళ్ళున్నాం. మా అమ్మ అంతకు ముందు రోజూ సాయంత్రం గోవిందరాజస్వామి గుడికి నడిచి వెళ్ళి, దారిలో తెలిసిన వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి వచ్చేది. కొత్త ఇంట్లో గేటు దగ్గర కుర్చీ వేసుకుని మా కోసం ఎదురు చూసేది, ఒక బీపీ మాత్రల షీటు కావాలన్నా ఎవరో ఒకరు తెచ్చిపెట్టాలి. ఆమె ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు, అందుకే మాకు అర్థం కావడానికి అంత కాలం పట్టింది. ఆ నాలుగేళ్ళు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక పని చేయండి. ఊరి నడుమ ఉన్నంత మాత్రాన నడవడానికి వీలుగా ఉంటుందని కాదు, కాబట్టి అత్తయ్యను తీసుకుని ఆ ఫ్లాట్ నుంచి మందుల షాపు దాకా, కూరగాయల దాకా, పాప స్కూలు దాకా మీరే నడవండి. ఫోన్‌లో ఎన్ని మీటర్లని చూడకండి, ఎన్ని చోట్ల రోడ్డు దాటాలో లెక్కపెట్టండి. మామూలు మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లు అనుకుంటే 15 మీటర్ల రోడ్డు దాటడానికి పన్నెండు పదమూడు సెకన్లు చాలు. మోకాళ్ళ నొప్పి ఉన్నావిడకు రెట్టింపు పడుతుంది, అంతసేపు బస్సులూ జీపులూ ఆగవు. అరకిలోమీటరు దూరమున్నా మెయిన్ రోడ్డు దాటక్కర్లేని షాపే ఆమెకు దగ్గర, ఎదురుగా కనిపించే షాపు కాదు.

ఫుట్‌పాత్ సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డం లేకుండా ఉండాలి, మన ఊళ్ళో చాలా చోట్ల అందులో ట్రాన్స్‌ఫార్మర్, రెండు బైకులు, ఒక టిఫిన్ బండి ఉంటాయి. అందుకే నేను ఫుట్‌పాత్ కంటే వెనక సందులు చూడమంటాను. వాహనాలు పెద్దగా రాని సందుల్లోంచి పని జరిగిపోతుందంటే అక్కడ పాపను ఒంటరిగా పంపినా టెన్షన్ ఉండదు.

ఒక్కసారి నడిస్తే చాలదు. పొద్దున స్కూళ్ళ టైములో ఒకసారి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి (వీధి దీపాలు, కుక్కలు అప్పుడే తెలుస్తాయి), కత్తిరి ఎండల్లో కాకపోయినా మిట్ట మధ్యాహ్నం ఒకసారి వెళ్ళండి, చెట్టు నీడ ఉన్న వీధికీ లేని వీధికీ తేడా అప్పుడు కాళ్ళకు తెలుస్తుంది. ఇంకో మాట, తిరుపతిలో ఉన్నాం కాబట్టి యాత్రికుల రద్దీ కూడా చూసుకోవాలి. దర్శనం టోకెన్లిచ్చే శ్రీనివాసం, విష్ణు నివాసం చుట్టుపక్కల రాత్రీ పగలూ జనమే, బ్రహ్మోత్సవాలప్పుడు ఇక చెప్పక్కర్లేదు. అలాంటి చోటికి మరీ ఆనుకుని కాకుండా నాలుగు వీధులు ఇవతల ఉంటే మేలు.

వాన గురించి మాత్రం గట్టిగా అడగండి. మనకు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. 2021 నవంబరులో కొండ మీది నీళ్ళు ఊళ్ళోకి ఎలా వచ్చాయో మీరు చూసే ఉంటారు. కొర్లగుంట, గొల్లవానిగుంట అని మన పెద్దవాళ్ళు పెట్టిన పేర్లలోనే నీళ్ళున్నాయి కదా. పేరులో గుంట ఉన్న ప్రతి వీధీ మునుగుతుందని నేననను, కానీ ఓనరునూ బ్రోకరునూ కాదు, ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన్ని, పాలు పోసే ఆమెను అడగండి, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో చెయ్యి పెట్టి చూపిస్తారు. సెల్లార్ గోడల మీద చెమ్మ గీత ఉందేమో మీరే చూడండి.

పాత అపార్ట్‌మెంట్ కాబట్టి లిఫ్ట్ పనిచేస్తుందా, కరెంటు పోతే జనరేటర్ ఉందా అన్నది అత్తయ్యకు ప్రాణం లాంటిది, అది లేకపోతే రెండో అంతస్తు కూడా ఊరి బయట ఇల్లులాంటిదే. మునిసిపల్ నీళ్ళు ఎన్ని రోజులకోసారి వస్తాయి, బోరు ఎండాకాలంలో నిలుస్తుందా, పిల్లర్లలో ఇనుము బయటపడి తుప్పు పట్టిందా అన్నవి తెలిసిన మేస్త్రీని తీసుకెళ్ళి చూపించండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయేమో తెలిపే పత్రం), ప్లాన్ అప్రూవల్ లాయరు చేత చూపించడం ఎలాగూ తప్పదు.

ఈ ఫ్లాట్‌లో లిఫ్ట్ సరిగ్గా లేదనో నీళ్ళు రావనో తేలితే వదిలేయండి, అంతేగానీ వెంటనే మంగళం ఇంటికి వెళ్ళిపోకండి. అదే చుట్టుపక్కల ఇంకో రెండు నెలలు వెతకండి. పన్నెండేళ్ళు ఆగారు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. చిత్తూరులో బజారుకు దగ్గర్లో మాకు పాత ఇల్లుంది. ఇద్దరమే ఉంటాం. బెంగళూరులో ఉన్న అబ్బాయి ఇది అమ్మేసి బైపాస్ దగ్గర కొత్త వెంచర్‌లో తీసుకోమంటున్నాడు, గాలీ వెలుతురూ బాగుంటాయని. మాకేమో మనసొప్పడం లేదు.
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: అమ్మకండి సార్. గాలి కోసమైతే ఇప్పుడున్న ఇంటికే ఒక కిటికీ పెద్దది చేయించుకోవచ్చు. కూరగాయలూ బ్యాంకూ పోస్టాఫీసూ నడిచి వెళ్ళే దూరంలో ఉండి, పేరుపెట్టి పిలిచే ఇరుగుపొరుగు ఉన్న ఇల్లు ఈ వయసులో మళ్ళీ దొరకదు. రాత్రి పూట ఒంట్లో బాగాలేకపోతే బెంగళూరు నుంచి అబ్బాయి వచ్చేలోపు పక్కింటి వాళ్ళే కదా ఆటో పిలిచేది.

అబ్బాయిది ప్రేమే, కాబట్టి ఆ డబ్బును ఈ ఇంటి మీద ఖర్చు పెట్టమనండి. బాత్‌రూంలో జారని టైల్స్, గోడకు పట్టుకోవడానికి స్టీలు రాడ్లు, వెస్ట్రన్ కమోడ్, వాకిట్లో మెట్ల పక్కన చిన్న వాలు, పడకగది కిందికే మార్చుకోవడం, ఇవి చేయించుకుంటే చాలా ఏళ్ళు నిశ్చింతగా ఉంటారు. పాత ఇంటికి కరెంటు వైరింగ్ కూడా ఒకసారి మార్పించండి. పెద్ద జబ్బేదైనా వస్తే మీ ఊరి వాళ్ళు ఎలాగూ వేలూరు వెళ్తారు, అది మీకు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరమే. బైపాస్ దగ్గరికి మారితే అందులో తగ్గేది కొద్ది నిమిషాలే.

అబ్బాయి ఈసారి వచ్చినప్పుడు కారు తీయనివ్వకండి. మీతో పాటు పొద్దున్నే సంచీ పట్టుకుని మార్కెట్‌కు నడిచి రమ్మనండి.