ప్యాకెట్ మీద '471' ఉంటే హలాలో కాదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మా పిల్లలు తినే కేకు ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంది. వెనక పదార్థాల్లో 'ఎమల్సిఫయర్ 471' అని రాశారు. అది పంది కొవ్వుతో చేస్తారని బంధువులంటున్నారు. కంపెనీకి మెయిల్ పెడితే 'మాది శాకాహారమే' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. దేనితో చేశారో చెప్పమని చట్టప్రకారం అడగవచ్చా? ల్యాబ్‌కి పంపితే తెలుస్తుందా?

జవాబు: అడగవచ్చు. మీ విషయంలో ల్యాబ్ కంటే ఉత్తరమే ఎక్కువ పని చేస్తుంది.

ఎమల్సిఫయర్ అంటే నూనె, నీళ్లు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం. 471 అంటే కొవ్వు ఆమ్లాల మోనో, డైగ్లిజరైడ్లు. పామాయిల్, సోయా నూనెలతోనూ చేస్తారు, జంతువుల కొవ్వుతోనూ చేస్తారు. దేనితో చేసినా నంబరు అదే. అందుకే ఫోన్లలో తిరిగే 'హరాం (నిషిద్ధ) నంబర్ల' జాబితాలను నమ్మకండి. నంబరును బట్టే మూలం తెలిసేవి కొన్నే: 120 అంటే పురుగుల నుంచి తీసే ఎరుపు రంగు, 901 తేనెమైనం, 904 లక్క. 422, 471, 472, 631, 635, 920 లాంటివి తయారీదారు చెప్తే తప్ప తెలియవు.

ఇక ఆకుపచ్చ చుక్క సంగతి. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, అది కంపెనీ చట్టప్రకారం ఇచ్చిన మాట. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం జంతువుల నుంచి వచ్చినది ఏది కలిసినా గోధుమ రంగు త్రికోణం వేయాల్సిందే. పాలు, పాల ఉత్పత్తులు, తేనె, తేనెమైనం, కార్నౌబా మైనం, లక్కలకు మాత్రమే మినహాయింపు. 'చాలా కొంచెమే కలిపాం' అన్న సాకు కూడా చెల్లదు. పరిమాణం ఎంతైనా సరే, కోడ్ నంబరుతో సరిపెట్టకుండా ఆ పదార్థం మొక్కల నుంచి వచ్చిందా, జంతువుల నుంచి వచ్చిందా, ల్యాబ్‌లో తయారైందా వెల్లడించాలని ఢిల్లీ హైకోర్టు 2021 డిసెంబరు 9న రామ్ గౌ రక్షా దళ్ కేసులో చెప్పింది. మీ బంధువుల మాటే నిజమైతే ఆ చుక్క తప్పుడు లేబుల్ అవుతుంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 సెక్షన్ 52 కింద 3 లక్షల రూపాయల దాకా జరిమానా పడుతుంది.

అయితే ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన హలాల్ అయిపోదు. ఫ్లేవర్‌ను ఆల్కహాల్‌లో కరిగించి ఉండవచ్చు, చుక్క ఆ సంగతి చెప్పదు. తయారీలో వాడి తీసేసే సహాయక పదార్థాలను లేబుల్ మీద రాయనక్కర్లేదు కూడా. లక్క పూత, ఫ్లేవర్‌లోని ఆల్కహాల్, రూపం పూర్తిగా మారిపోయిన పదార్థం, వీటిపై ధార్మిక తీర్పు మీరు నమ్మే ముఫ్తీ (ఇస్లాం ధర్మశాస్త్ర పండితుడు) చెప్పాలి. వకీలు చేయగలిగింది ఆయన ముందు పెట్టడానికి సరైన సమాచారం రాబట్టడమే.

ల్యాబ్ విషయానికొస్తే, అదే 2006 చట్టం సెక్షన్ 40 కింద కొనుగోలుదారే రుసుము కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు, 14 రోజుల్లో రిపోర్టు రావాలి. కానీ పరీక్ష చేయించబోతున్నట్టు కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పాలి. చాలామంది ఇక్కడే పొరబడి, ఇంట్లో తెరిచిన ప్యాకెట్ పట్టుకెళ్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. శుద్ధి చేసిన కొవ్వులో జంతువును గుర్తుపట్టేంత డీఎన్ఏ సాధారణంగా మిగలదు. 'పంది జాడ కనబడలేదు' అని రిపోర్టు వస్తే, ఆ పరీక్షకు దొరకలేదన్నంత వరకే దాని అర్థం.

కాబట్టి ఉత్తరం రాయండి. ప్యాకెట్ పారేయకుండా నాలుగు వైపులా ఫోటోలు తీసి, బిల్లు జత చేయండి. ఉత్తరంలో బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) లైసెన్సు నంబరు ఉండాలి. 'ఇది హలాలేనా?' అని అడిగితే అవుననో కాదనో ఒక్క మాట వస్తుంది, అది దేనికీ పనికిరాదు. ఇలా అడగండి: ఈ బ్యాచ్‌లోని 471 దేనితో చేశారు? జంతువైతే ఏ జంతువు, ఎలా వధించారు? ఫ్లేవర్‌ను దేనిలో కరిగించారు? అదే యంత్రాలపై జంతు కొవ్వులున్న సరుకు చేస్తారా, మధ్యలో ఎలా శుభ్రం చేస్తారు? 471 సరఫరాదారు ఇచ్చిన మూల ధ్రువపత్రం నకలు పంపగలరా? 15 రోజులు గడువిచ్చి, అందినట్టు రుజువు ఉండేలా స్పీడ్ పోస్టులో పంపండి. దిగుమతి సరుకైతే స్టిక్కర్ మీదున్న దిగుమతిదారుకు రాయండి.

సరఫరాదారు పత్రాలు చూపమని వారిని బలవంతపెట్టే హక్కు మీకు లేదు, కానీ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కు ఉంది. జవాబు రాకపోతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫిర్యాదుల వేదిక ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లో ఫిర్యాదు చేసి మీ ఉత్తరం జతపరచండి. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, గడువు 2 ఏళ్లు, చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మూలం తెలుసుకోవడమే మీ ఉద్దేశమైతే ముందు ఆఫీసర్ దగ్గరికే వెళ్లండి, కమిషన్‌లో ఆలస్యమవుతుంది.

ప్యాకెట్ మీద హలాల్ ముద్ర ఉన్నా పరిశీలించాల్సిందే. మన దేశంలో ఆ పత్రాలిచ్చేది ప్రైవేటు సంస్థలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కాదు. పత్రంలో మీ ప్యాకెట్ తయారైన ఫ్యాక్టరీ చిరునామా, ఆ ఉత్పత్తి పేరు, గడువు తేదీ మూడూ సరిపోవాలి. ఒక ఫ్యాక్టరీకి ఇచ్చిన పత్రం అదే కంపెనీ వేరే ఫ్యాక్టరీకి వర్తించదు. పత్రం లేకుండా ముద్ర వేస్తే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద అది అనుచిత వ్యాపార పద్ధతి.

పోలీసు కేసు జోలికి ఇప్పుడే వెళ్లకండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 299కి మతభావాలను గాయపరచాలన్న దురుద్దేశం రుజువు కావాలి, లేబుల్ తప్పు ఒక్కటే చాలదు. అలాగే జవాబు చేతికి రాకముందే కంపెనీ పేరు పెట్టి 'ఇందులో పంది కొవ్వు ఉంది' అని గ్రూపుల్లో పంపితే సెక్షన్ 356 కింద పరువునష్టం కేసు మీ మీదికే రావచ్చు.