పాటల రచయిత్రి కావాలంటే డిగ్రీ మానేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ నుంచి పాటలు రాస్తున్నాను, సినిమాలకి రాయాలని కోరిక. కానీ మూడ్ వస్తేనే రాయగలుగుతున్నాను. రెండు నెలలుగా ఒక్క లైను కూడా రాలేదు. చదువు ఆపేసి హైదరాబాద్ వెళ్తే ఐడియాలు వస్తాయేమో అనిపిస్తోంది. నాన్న ఎన్నో ఏళ్లు చెన్నైలో తాపీ పని చేసి మమ్మల్ని చదివించారు. ఆదివారం ఆయన ఫోన్ వస్తే పొయ్యి మీద కూర మాడిపోతున్నా అమ్మకి తెలిసేది కాదు. ఆయనకి చదువు మానేస్తానని ఎలా చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నా పాటలు మూడు పంపుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు చదువు సంగతి తేల్చేద్దాం. మానొద్దు. సిరివెన్నెల సీతారామశాస్త్రి గారు సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేశారు, వేటూరి గారు పత్రికల్లో పనిచేశారు, సుద్దాల అశోక్ తేజ గారు బడిలో పాఠాలు చెప్పారు, చంద్రబోస్ గారు ఇంజనీరింగ్ చదివారు. వాళ్లలో ఎవరికీ చదువూ ఉద్యోగమూ పాటకి అడ్డు రాలేదు. పాటకి కావలసింది రోజుకో అరగంట, అది డిగ్రీ చదువుతూ కూడా దొరుకుతుంది. హైదరాబాద్‌లో సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో గది అద్దెకి డబ్బు ఎక్కడి నుంచి తేవాలా అని రాత్రంతా లెక్కలేసుకునే మనిషికి ఆ అరగంట కూడా మిగలదు. నాన్నగారికి చెప్పాల్సింది కూడా ఇంతే: డిగ్రీ పూర్తి చేస్తాను, రోజూ రాత్రి ఒక అరగంట మాత్రం నాకు వదిలేయండి. కష్టం తెలిసిన మనిషి, అర్థం చేసుకుంటారు.

ఇక మూడ్ గురించి. సినిమా పాట ఎలా పుడుతుందో ఒకసారి చూడు. దర్శకుడు సందర్భం చెప్తాడు, సంగీత దర్శకుడు ట్యూన్ పంపుతాడు, అందులో మాటలుండవు, తననా అనో లాలాలా అనో పాడి ఉంటుంది, లేదంటే అర్థం లేని డమ్మీ మాటలుంటాయి. ఆ కొలతలో, ఆ సందర్భానికి, అడిగిన గడువులో పల్లవీ చరణాలూ ఇవ్వాలి. నీకు ఆ రోజు మనసు బాగుందా లేదా అని ఎవరూ అడగరు. అందుకే మూడ్ లేని రోజు కూడా రాయడం అలవాటు కావాలి, ఆ అలవాటు ఇంట్లోనే, ఇప్పుడే మొదలవ్వాలి. అన్నమయ్య పదహారో ఏట 1424లో మొదలుపెట్టి 1503లో పోయేదాకా 32 వేల సంకీర్తనలు చేశాడని చెప్తారు. భాగించి చూస్తే రోజుకి ఒకటి కంటే ఎక్కువే పడుతుంది! దొరికిన సుమారు 14 వేలలో అన్నీ ఒకే ఎత్తున లేవు, ఉండాల్సిన పని కూడా లేదు. రోజూ రాసినవాడికే ఆ గొప్పవి కూడా దొరికాయి.

నీ పాటలు చూశాను. లయ పట్టుకునే చెవి నీకుంది, అది చిన్న విషయం కాదు. కానీ మూడింటిలోనూ హృదయం, మౌనం, విరహం, వెన్నెల, కన్నీటి కడలి, ఇవే తిరుగుతున్నాయి. అవి నువ్వు విన్న పాటల్లోంచి వచ్చిన మాటలు, నీవి కావు. అదే నీ ఉత్తరంలో ఏమీ అనుకోకుండా రాసేసిన ఒక్క వాక్యం, ఆదివారం ఫోన్ వస్తే అమ్మ కూర మాడిపోవడం, దగ్గర నేను ఆగిపోయాను. ఎదురుచూపంతా అందులో ఉంది, విరహం అన్న మాట లేకుండానే. రెండు నెలలుగా ఏమీ రాలేదంటున్నావు కదా, నాకు మాత్రం అది వచ్చినట్టే ఉంది, నువ్వే దాన్ని పాట అనుకోలేదు.

దాన్ని ఇప్పుడు కొలతలో పెట్టి చూద్దాం. గురజాడ ముత్యాల సరాల నడక నీకు తెలిసే ఉంటుంది, మూడూ నాలుగు మాత్రల చొప్పున, తకిట తకధిమి తకిట తకధిమి అని నడుస్తుంది. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు; దీర్ఘానికీ, సున్నా ఉన్న అక్షరానికీ, ఒత్తక్షరం ముందున్న దానికీ రెండు. బల్ల మీద వేళ్లతో కొడుతూ ఇది చదువు:

ఆదివారం ఫోను మోగితె
కూర మాడెను పొయ్యి మీదే

ఆది మూడు, వారం నాలుగు, ఫోను మూడు, మోగితె నాలుగు. మోగితే అని దీర్ఘం ఉంచితే ఒక మాత్ర ఎక్కువై కాలు తడబడుతుంది. రెండో లైనూ అలాగే సరిపోయింది. కానీ ఇది ఇంకా పూర్తి కాలేదు, ఎందుకంటే మాడెను అని మీ ఇంట్లో ఎవరూ అనరు. మాడేది అంటే ఐదు మాత్రలు. మాడిపోయేది అసలు పట్టదు. అయితే లైనంతా తిరగేయాలా, కూర బదులు ఇంకేదైనా తేవాలా, మీ అమ్మగారు ఆ మాట ఎలా అంటారో అడగాలా? పని అంటే ఇదే. మొదటి రూపం దొరకడం ఒక పూట పని, ఆ ఒక్క మాట కోసం ఇరవై రకాలుగా రాసి కొట్టేయడం అసలు పని. ఆస్కార్ వచ్చిన పాట విషయంలో చంద్రబోస్ గారే చెప్పారు, తొంభై శాతం సగం రోజులో అయిపోయిందని, మిగిలిన పది శాతానికి 19 నెలలు పట్టిందని.

కాబట్టి ఆ అరగంటలో నువ్వు చేయాల్సింది ఇలా అనుకుంటున్నాను. మాటల్లేని ఒక ట్యూన్ తీసుకో, వీణదో వేణువుదో ఏదైనా సరే, రెండు లైన్ల ముక్క చాలు, వేళ్లతో మాత్రలు లెక్కపెట్టి కాగితం మీద రాసుకో, తర్వాత ఆ కొలతకి ఒకే సందర్భం మీద పల్లవులు రాస్తూ పో. మొదటి మూడు నాలుగూ అందరికీ తట్టేవే వస్తాయి, వాటిని ఖర్చు చేసేస్తేనే కింద ఉన్న నీ మాట పైకి వస్తుంది, అందుకే తొందరగా రాసేయాలి, మధ్యలో తీర్పు చెప్పుకోకూడదు. దిద్దడం మర్నాటి పని. రాసింది ప్రతిసారీ గొంతెత్తి పాడు. ట్యూన్‌లో స్వరం సాగే చోట నువ్వు ‘ఇ’తో ముగిసే మాట పెడితే గొంతు బిగుసుకుంటుంది, ‘ఆ’ పెడితే తేలిగ్గా నిలుస్తుంది. ఇలాంటివి కాగితం మీద కనపడవు, పాడితేనే తెలుస్తాయి.

ఇంకో పుస్తకం విడిగా పెట్టుకో, మాటల కోసం. మీ ఊళ్లో నాట్లప్పుడు, పెళ్లిళ్లప్పుడు పెద్దవాళ్లు పాడే పాటలు, తిట్లు, సామెతలు, బస్సులో విన్న మాట, ఏదైనా విన్నది విన్నట్టు రాయి, యాస సరిచేయకు. ఉత్తరాంధ్ర మాటకి ఉన్న సొగసు నీకు పుట్టుకతో వచ్చింది, దాన్ని వదిలేసి పుస్తకాల భాషలోకి పరిగెత్తొద్దు. చదవడమూ కావాలి, పాత పద్యం, కొత్త కవిత, రెండూ.

ఏఐతో రాయించుకుని దిద్దుకోవచ్చా అని చాలామంది పిల్లలు అడుగుతున్నారు. నేర్చుకునే దశలో వద్దనే అంటాను. ఆ మొదటి తప్పుడు లైన్లు నువ్వు రాస్తేనే నీ చెవి తయారవుతుంది.

అవకాశాల సంగతి. ఇప్పుడు దారి నేరుగా సినిమా నుంచే మొదలవ్వాల్సిన పని లేదు. షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రాళ్లు, యూట్యూబ్‌లో జానపదాలు చేసేవాళ్లు, మీ కాలేజీలోనే కీబోర్డ్ వాయించే వాళ్లెవరైనా, ఇలా ఒక్కరితో కలిసి ఒక్క పాట పూర్తిగా రికార్డు చేయించు. ఫోన్‌లో ఉన్న వంద లిరిక్స్ కంటే వినిపించగలిగే ఆ ఒక్క పాటే ఎవరికైనా చూపించడానికి పనికొస్తుంది. చాన్స్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకి ఒక్క రూపాయి కూడా ఇవ్వకు, వాళ్లు ఎంత పెద్ద పేర్లు చెప్పినా సరే. పాట ఎవరికైనా పంపితే ఈమెయిల్‌లోనే పంపు, తేదీతో సహా రుజువుగా ఉంటుంది.

హక్కుల గురించి కూడా ఇప్పుడే తెలుసుకో, రచయితలు చాలామంది ఆలస్యంగా తెలుసుకుని నష్టపోయారు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమాకి రాసిన పాట అయినా థియేటర్లో సినిమాతో పాటు వేయడం కాక మిగతా వాడకాల మీద వచ్చే రాయల్టీలో, అంటే పాట వాడుకున్నందుకు ఇచ్చే డబ్బులో, హక్కులు కొన్నవాళ్లతో పాటు రచయితకి సమాన వాటా ఉంటుంది. ఆ వాటా వదులుకుంటున్నట్టు ముందే రాయించుకున్నా చెల్లదు. 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) సంస్థ ఆ రాయల్టీ వసూలు చేసి సభ్యులకి పంచుతుంది. నీ మొదటి పాట బయటికి వచ్చాక అందులో సభ్యత్వానికి దరఖాస్తు చేసుకో. అంతకుముందే ఎవరైనా అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమంటే ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, తెలిసిన లాయర్‌కి చూపించాకే పెట్టు.