రోజూ నడుస్తున్నా సోఫాలోంచి లేవలేకపోతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. షుగర్, బీపీ మాత్రలు వాడుతోంది. రోజూ అరగంట నడుస్తుంది. అయినా చేతులు ఊనితే గానీ సోఫాలోంచి లేవలేకపోతోంది. మొన్న బాత్‌రూమ్‌లో తూలి గోడ పట్టుకుంది. వ్యాయామం చేయమంటే మోకాళ్లు అరిగిపోతాయని భయపడుతోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ తూలడం సంగతి చూడాలి. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూపించండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతుంటే డాక్టర్ మాత్రల మోతాదు మార్చాల్సి రావచ్చు. మీ అంతట మీరు ఆపేయకండి. కొన్ని షుగర్ మాత్రలతో లో షుగర్ వచ్చి కూడా తూలుతారు. అదీ అడగండి.

ఇక లేవలేకపోవడం. నడక గుండెకూ షుగర్‌కూ మంచిదే, మాన్పించొద్దు. కానీ తొడ కండరాలకు అది చాలదు. అరవై దాటాక కండ వేగంగా తరుగుతుంది. దానికి తోడు "నువ్వు కూర్చో అమ్మా, నేను తెస్తా" అంటూ మనమే ఉన్న కాస్త పనీ లాగేసుకుంటాం!

చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. అమ్మగారిని చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్ల పాటు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. 65-69 ఏళ్ల మహిళలు కనీసం 11 సార్లు లేవగలగాలి. అంతకంటే తగ్గితే పడిపోయే ముప్పు ఎక్కువని అర్థం.

వ్యాయామం కూడా ఇదే. మొదట్లో కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి, చేతులు ఊనినా పర్లేదు. లేచేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. దబ్బున కూలబడకుండా మెల్లగా కూర్చోవాలి, కండకు అసలు పని అక్కడే. ఎనిమిది పది సార్లు చేసి, కాస్త ఆగి ఇంకో విడత. వారానికి రెండు మూడు రోజులు చాలు. కుక్కర్ కూతలు వచ్చేలోపు వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తి దించడం, ఒక పాదం ముందు మరో పాదం పెట్టి నిలబడటం రోజూ చేయొచ్చు. బ్యాలెన్స్‌కు ఇవి మంచివి.

మోకాళ్లు వీటితో అరగవు. తొడ బలపడితే కీలు మీద భారం తగ్గుతుంది. కాస్త ఒళ్లునొప్పులు మామూలే. మోకాలు వాచినా, నొప్పి మర్నాటికీ తగ్గకపోయినా సంఖ్య తగ్గించండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించండి.

పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నంతో సరిపెడితే కండ పెరగదు. కండకు ప్రొటీన్ కావాలి. పూటపూటా గుడ్డో, పప్పో, పెరుగో, శనగలో ఉండాలి. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి, ప్రొటీన్ ఎంత పెంచవచ్చో డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి.