సెలికా కొంటే ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: అనంతపురంలో పంపుసెట్ల షాపు నడుపుతున్నాను. వయసు 41. నా దగ్గర 2012 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ ఉంది. సరుకు కోసం నెలకు రెండుసార్లు బెంగళూరు వెళ్లొస్తాను. ఊళ్లో తిరుగుడుతో కలిపి నెలకు 1,200 కిలోమీటర్లు అవుతుంది. మైలేజీ 11. రిపేర్లకే ఏడాదికి 45 వేలు. మొత్తం మీద నెలకు 15 వేలు బండికే పోతోంది. బెంగళూరులో మా బావమరిది ఒక 2001 మోడల్ టయోటా సెలికా చూశాడు. రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే, బ్రిటన్ నుంచి వచ్చింది, కర్ణాటక నంబరు. 9.5 లక్షలు చెబుతున్నారు. తేలిక బండి, చిన్న ఇంజన్, జపాన్ కారు కాబట్టి చెడిపోదు, ఖర్చు సగానికి పడిపోతుంది అంటున్నాడు. నా బండికి 4 లక్షలు వస్తాయి. మిగతా 5.5 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకుందామని ఉంది. కొనమంటారా?

జవాబు: కారు గురించి మీ బావమరిది చెప్పినవి చాలావరకు నిజాలే. చిక్కంతా అక్కడే ఉంది. ఆ మాటలు బ్రిటన్‌లో ఉండేవాడికి సరిగ్గా సరిపోతాయి. అక్కడ సెలికాలు వేలల్లో అమ్ముడయ్యాయి. డోరు కావాలన్నా, బంపరు కావాలన్నా పాత బండ్లు విప్పి అమ్మే యార్డుల్లో దొరుకుతాయి. పెద్ద ఇంజన్ బండి వదిలేసి దీనికి మారినవాడికి నిజంగానే డబ్బు మిగులుతుంది. అనంతపురంలో మీదొక్కటే సెలికా అవుతుంది. పాత బండి ఖర్చు దాని తయారీ మీద ఎంత ఆధారపడుతుందో, మన ఊళ్లో అలాంటివి ఇంకెన్ని తిరుగుతున్నాయన్న దాని మీద కూడా అంతే ఆధారపడుతుంది.

ముందు ఇంధనం. ఏడాదికి మీరు తిరిగేది 14,400 కిలోమీటర్లు. 11 మైలేజీతో సుమారు 1,309 లీటర్ల డీజిల్, లీటరు 97 వేసుకుంటే రూ.1.27 లక్షలు. సెలికా కూడా ఊరూ హైవే కలిపి 11 దగ్గరే ఇస్తుందనుకోండి. కానీ అది పెట్రోలు. లీటరు 109 చొప్పున రూ.1.43 లక్షలు. అంటే తగ్గకపోగా 16 వేలు పెరిగింది. కొడికొండ చెక్‌పోస్టు దాటి కర్ణాటకలోని బాగేపల్లిలో ట్యాంకు నింపుకునే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. దాంతో కొంత మిగులుతుంది గానీ, ఆ మిగులు ఏ బండికైనా ఒకటే.

ఇక లోను. పాతికేళ్ల బండికి కారు లోను దొరకడం కష్టం, అందుకే మీరు పర్సనల్ లోను అన్నారు. 14 శాతం వడ్డీకి నాలుగేళ్లయితే ఈఎంఐ దాదాపు రూ.15,000. మీకు టెన్షన్ పెడుతున్న నెల ఖర్చు ఎంతో, ఈఎంఐ కూడా అంతే! వడ్డీ ఒక్కటే రూ.1.7 లక్షలు దాటుతుంది.

ఇన్సూరెన్సు సంగతి చూద్దాం. 1,500 సీసీ దాటిన ఏ ప్రైవేటు కారుకైనా థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి రూ.7,897. సెలికాది 1,794 సీసీ. మీ ఎస్‌యూవీకి ఇప్పుడు కడుతున్నదీ అదే కాబట్టి ఇక్కడ పైసా మిగలదు. పైగా అంత పాత బండికి సొంత డ్యామేజీ కవర్ ఇవ్వడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. హైవే మీద లారీ టైరు కింది నుంచి రాయి ఎగిరి అద్దం పగిలితే ఆ ఖర్చు మీదే. ఆ అద్దం విదేశం నుంచి రావాలి.

నాకూ ఒక అనుభవం ఉంది. పదేళ్ల కిందట, మన దేశంలో అమ్మకాలు ఆపేసిన ఒక కంపెనీ కారు మోజుపడి కొన్నాను. సందులో ఆటో తగిలి హెడ్‌లైటు పోయింది. కొత్తది దొరికేసరికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ చీకటి పడేలోపు ఇంటికి చేరాను. మా ఆవిడ మాత్రం ఇంతకన్నా మంచి కారు మనం కొనలేదు అంటుంది.

సెలికాకు న్యాయం చేయాలంటే ఒక మంచి మాట కూడా చెప్పాలి. దాని మామూలు మోడల్లో ఉండే 1జెడ్‌జెడ్ ఇంజన్, 2003 నుంచి మన దగ్గర అమ్మిన పాత కొరోలాలో ఉన్నదే. కొరోలా తెలిసిన మెకానిక్ దాన్ని విప్పగలడు. టైమింగ్ బెల్టుకు బదులు చెయిన్ ఉంటుంది, దాన్ని మార్చే ఖర్చు మామూలుగా రాదు. అయితే 2002కు ముందు వచ్చిన ఈ ఇంజన్లు ఆయిల్ తాగుతాయని పేరు. పిస్టన్‌లో ఆయిల్ తిరిగి కిందికి పోయే రంధ్రాలు చిన్నవి, అవి పూడుకుపోతాయి. మీ బావమరిది చూసింది 2001 మోడల్. పది నిమిషాలు ఐడిల్‌లో పెట్టి ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కమనండి. నీలం పొగ వస్తే ఇక బేరం అక్కర్లేదు. బ్రిటన్ బండి కాబట్టి అడుగున తుప్పు కూడా చూడాలి. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మన అనంతపురంలో వానే లేదు, తుప్పు కొత్తగా పట్టదు గానీ ఉన్నది పోదు కదా.

నన్ను అన్నింటికంటే ఎక్కువ భయపెట్టేది కాగితాలు. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును 2025 ఆగస్టులో పెంచారు. మన దేశంలో తయారైన కారుకు రూ.10,000, దిగుమతి కారుకు రూ.80,000. అదీ అయిదేళ్లకే. మళ్లీ అయిదేళ్లకు మళ్లీ కట్టాలి. కర్ణాటక నంబరుతో ఇక్కడ ఏడాదికి మించి ఉంచుకోకూడదు. అక్కడి ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్చుకోవాలి. కస్టమ్స్ సుంకం కట్టినట్టు చూపే బిల్ ఆఫ్ ఎంట్రీ లేకపోతే బండి ముట్టుకోవద్దు. 2025లో కేరళలో, భూటాన్ మీదుగా దొంగదారిన వచ్చిన బండ్లను కస్టమ్స్ వాళ్లు పెద్ద ఎత్తున పట్టుకున్నారు. అలాంటప్పుడు బండి కొన్నవాడి ఇంటి ముందు నుంచే పోతుంది.

మరి ఏం చేయాలి? జపాన్ కంపెనీది, హుషారుగా పరిగెత్తేది, ఖర్చు తగ్గించేది కావాలంటే మారుతి సుజుకి బలెనో ఆర్‌ఎస్ వెతకండి. 2017 నుంచి కొన్నేళ్లు మాత్రమే వచ్చింది. 998 సీసీ టర్బో పెట్రోలు, నూరు హార్స్‌పవర్ దాటి ఉంటుంది, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. చూడ్డానికి మామూలు బలెనోలా ఉంటుంది, మీ బావమరిదికి అది నచ్చకపోవచ్చు. ఇంజన్ 1,000 సీసీ లోపు కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం రూ.2,094 మాత్రమే. 15 మైలేజీ వేసుకున్నా ఏడాది పెట్రోలు రూ.1.05 లక్షలు, అంటే మీ డీజిల్ ఖర్చుకన్నా 22 వేలు తక్కువ. రిపేర్లు 20 వేలకు దిగితే ఇంకో 25 వేలు. ప్రీమియంలో దాదాపు 6 వేలు. మొత్తం ఏడాదికి 53 వేలు, నెలకు సుమారు 4,400 మిగులు. టర్బో భాగాలు మాత్రం మామూలు బలెనోవి సరిపోవు, ఆ ఒక్కటి సర్వీస్ సెంటర్లో చూపించి కొనండి. ధర మీ ఎస్‌యూవీ అమ్మిన డబ్బు మీద లక్షకు మించకూడదు. ఆ లక్ష కూడా చేతిలో ఉన్నదే అయి ఉండాలి.

సెలికా మీద మోజు పోకపోతే నేను తప్పుపట్టను. కాకపోతే దాన్ని ఖర్చు తగ్గించే ఖాతాలో రాయకండి, సరదా ఖాతాలో రాయండి. ఆ 4,400 నెలనెలా ఆర్‌డీలో వేస్తే మూడేళ్లకు అసలే రూ.1.58 లక్షలు అవుతుంది. ఆ రోజుకీ బండి మనసులో ఉంటే, షాపు పెట్టుబడి ముట్టుకోకుండా మిగతాది సమకూరితే, అప్పుడు చూద్దాం. ఈలోగా బావమరిది అడ్వాన్సు ఇచ్చేశాడేమో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.