జీపు జవాబులు: తాతగారి సీజే–3బీతో పందేనికి

ప్రశ్న: నమస్కారం సార్. మా తాతగారు 1965లో కొన్న మహీంద్రా సీజే–3బీ జీపు మా రైస్‌మిల్లు షెడ్డులో చాలా ఏళ్లుగా కదలకుండా ఉంది. నేను, మా ఇద్దరు బావలు, ఒక మిత్రుడు కలిసి దాన్ని బాగు చేసి ఆఫ్‌రోడ్ పోటీలకు తీసుకువెళ్లాలనుకుంటున్నాం. పెట్రోలు ఇంజిన్ తీసేసి పెద్ద డీజిల్ ఇంజిన్ పెట్టకపోతే మట్టిలో నిలవదని అందరూ అంటున్నారు. మా దగ్గర ఉన్నది రెండు లక్షలు. ముందు దేనికి ఖర్చు పెట్టాలి?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఇంజిన్ తీయకండి బాబూ. మీ ఉత్తరం చదవగానే నాకు కలిగిన మొదటి భయం అదే. ఐటీఐలో మోటారు మెకానిక్ పిల్లలకు పాఠం చెప్పిన రోజుల నుంచి ఇప్పుడు కాజీపేట కుర్రాళ్ల జీపుకు సర్వీసు చూస్తున్నంతవరకు, మంచి జీపులు పాడైపోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఈ ఇంజిన్ మార్పిడే.

మీ జీపులో ఉన్నది 2.2 లీటర్ల హరికేన్ ఇంజిన్. పెట్రోలు గాలి లోపలికి వెళ్లే వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, పొగ బయటికి పోయే వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఈ అమరిక వల్ల ఇంజిన్ ఎత్తు పెరిగింది, దానికి తగ్గట్టు బానెట్‌నూ ఎత్తారు. మీ జీపు ముఖం మిగతా విల్లీస్ జీపుల కంటే నిటారుగా కనిపించేది అందుకే. దాని బలం 70 గుర్రాలకు కాస్త పైన. వినడానికి తక్కువే. కానీ అసలు గేర్లే ఉంటే, ఎక్కుడు దారికి వాడే వేరే లివరును ‘లో’లో వేసి, గేరును మొదటిదానిలో పెట్టినప్పుడు చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ దాదాపు 37 సార్లు తిరుగుతుంది. బండరాయి ఎక్కడానికి ఇంతకంటే ఏం కావాలి? బరువైన డీజిల్ ఇంజిన్ దించితే ముందు కమాన్ కట్టలు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, మూడు గేర్ల పాత గేరుబాక్సు ఆ లాగుడుకు పళ్లు రాలుస్తుంది. అది మార్చారా, వెనక హౌసింగులో యాక్సిల్ షాఫ్టు విరుగుతుంది. ఇక ఆ ఖర్చుకు అంతు ఉండదు.

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఎడారిలో 1967లో జరిగిన మొదటి మెక్సికన్ 1000 పందెం మీకు చెప్పాలి. టిహువానా నుంచి లాపాజ్ దాకా రోడ్డే సరిగా లేని దారి. అందులో అందరికంటే ముందు చేరింది పెద్ద ఇంజిన్ బండి కాదు. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజిన్‌తో నడిచే ఫైబర్ ఒళ్లున్న చిన్న బగ్గీ, మేయర్స్ మాంక్స్. 27 గంటల 38 నిమిషాల్లో చేరింది. బరువు తక్కువ, చెడిపోయేవీ తక్కువే.

కాబట్టి మీ డబ్బు ముందుగా బ్రేకులకు పోవాలి. ఈ జీపులో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ లైను. ఎక్కడ ఒక పైపు పగిలినా పెడల్ నేల తాకుతుంది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, ఇనుప పైపులు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి వేయించండి. బాగానే ఉన్నట్టు కనిపించేవి కూడా. వాగు దాటిన తరువాత డ్రమ్ములు తడిసి బ్రేకు పట్టదు. అవతలి ఒడ్డు ఎక్కగానే పెడల్‌ను మెల్లగా నొక్కుతూ కొంత దూరం నడిపితే లైనింగు ఆరుతుంది. డ్రైవరుకు ఇది అలవాటుగా మారాలి.

ఆ తరువాత వేడి. పొగ వాల్వులు బ్లాకులోనే ఉన్నాయని చెప్పాను కదా, ఆ మంట అంతా నీళ్ల దారికే తగులుతుంది. మన దగ్గర బోరు నీళ్లు పోసి పోసి లోపల సున్నం గడ్డకడుతుంది. రేడియేటర్ ఒక్కటే కడిగించి ఊరుకుంటారు, అది చాలదు. బ్లాకు పక్కన నాణెం ఆకారంలో ఉండే కోర్ ప్లగ్గులు ఊడదీయించండి. వెనక నాలుగో సిలిండర్ దగ్గర స్క్రూడ్రైవర్ దూర్చి గీకితే ఇటుక రంగు బురద ముద్దలుగా రాలుతుంది. నీళ్ల పంపుకు అన్నిటికంటే దూరం కాబట్టి చెత్త అక్కడే దిగుతుంది. అది పోయేదాకా నీళ్లు కొట్టించి, మళ్లీ బోరు నీళ్లు కాకుండా కూలెంట్ పోయండి.

మే నెలలో వరంగల్ ఎండకు బండి ఉన్నట్టుండి ఆగిపోతే వెంటనే స్పార్కు అందించే పాయింట్లను అనుమానించకండి. పెట్రోలు పైపు వేడెక్కి లోపల పెట్రోలు ఆవిరైపోతుంది, పంపు ఎంత కొట్టినా కార్బురేటర్‌కు అందదు. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది. అసలు మందు ఆ పైపును ఎగ్జాస్టుకు దూరంగా మళ్లించడం. బంకులో పోసే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి చిట్లుతాయి. వాటినీ మార్చాలి.

రోల్ కేజ్, అంటే జీపు పల్టీ కొట్టినా లోపలివాళ్లను కాపాడే గొట్టాల చట్రం, లేకుండా దయచేసి పోటీకి దిగకండి. నీళ్ల పైపులు వంచి వెల్డింగు చేసి ఇస్తామనేవారు దొరుకుతారు. అలాంటి పైపు జీపు పల్టీ కొట్టినప్పుడు అతుకు దగ్గర చీలుతుంది. అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య నిబంధనల్లో అతుకు లేని ఉక్కు గొట్టం ఉండాలని ఉంది. ప్రధాన కమ్మీకి 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం. దాన్ని రేకుకు కాదు, చాసిస్ మీద బలం పడేలా బిగించాలి. ఇంకో సంగతి, మీ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. సీటు తీసి ట్యాంకు అతుకులు, పట్టీలు, మూత చేతితో తడిమి చూడండి. తడి తగిలితే ఆ రోజు బండి తీయవద్దు. మంటలార్పే సిలిండరు బెల్టు పెట్టుకున్న డ్రైవరు చేతికి అందాలి.

ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే టైర్లు. ట్యూబు టైర్లే వాడేటట్లయితే ఇసుకలో గాలి మరీ తగ్గించకండి. రిమ్ము మీద టైరు జారితే లోపల ట్యూబు వాల్వు తెగుతుంది.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా అన్నయ్య జట్టులో నాకు పక్క సీటు ఇస్తామంటున్నారు. బండి నడపడం రాదు. నేను చేయగల పని నిజంగా ఏమైనా ఉందా, లేక బరువుకోసమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, ఆ సీటులో కూర్చునేవాళ్లే ర్యాలీ గెలిపిస్తారు. పాతబండ్ల కోసం 2021 నుంచి సౌదీ అరేబియాలో నడుస్తున్న డకార్ క్లాసిక్ చూడండి. అక్కడ అందరికంటే వేగంగా వెళ్లినవాళ్లు గెలవరు, చెప్పిన సగటు వేగాన్ని తప్పకుండా పాటించినవాళ్లు గెలుస్తారు. ఆ లెక్క నడిపేది పక్క సీటులో కూర్చునే నావిగేటరే. గంటకు 40 కిలోమీటర్లయితే కిలోమీటరుకు 90 సెకన్లు, 45 అయితే 80, 36 అయితే 100. ఇవి నోటికి రావాలి. నిర్వాహకులు ఇచ్చే దారి పుస్తకం, అంటే రోడ్ బుక్‌లో మలుపు బొమ్మను బాణంతో చూపిస్తారు, పక్కన దూరం ఉంటుంది. దాన్ని ముందుగా చదివి మలుపు రాకముందే చెప్పాలి, వచ్చాక చెబితే లాభం లేదు.

అన్నయ్యను తీసుకుని కరీంనగర్ నుంచి వేములవాడ దారిలో కిలోమీటరు రాళ్లను, బండి మీటరును పోల్చి తేడా రాసుకోండి. కొత్త సైజు టైర్లు వేసినా, గాలి తగ్గించినా ఆ తేడా మారుతుంది. మీరు లెక్క చెప్పినప్పుడు అన్నయ్య వాదించకూడదు. ఇది మాత్రం బయలుదేరకముందే తేల్చుకోండి.

ప్రశ్న: సాధనకు ఏటూరునాగారం అడవి దారులు బాగుంటాయా? లేదంటే వేసవిలో ఎండిన చెరువులు ఉన్నాయి కదా?
– ములుగు నుంచి ఒక జట్టు

జవాబు: రెండూ వద్దు. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోవడమే నేరం. చట్టం అటుంచండి, ఎండాకాలం నీటి గుంట దగ్గరికి వచ్చిన జింకను సైలెన్సర్ మోతతో తరిమే హక్కు మనకు లేదు.

చెరువు సంగతి నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. కాకతీయుల కాలం నుంచి మన జిల్లాలు బతికింది ఈ చెరువుల మీద. కట్ట మీద బరువైన టైర్లు చేసిన గాడిలో మొదటి వానకు నీరు పారుతుంది, గండి అక్కడే మొదలవుతుంది. ఇక ఎండిన చెరువు అడుగున పైన పెచ్చు గట్టిగా ఉన్నా కింద బురద మెత్తగా ఉంటుంది, జీపు దిగితే ట్రాక్టరు కూడా లాగలేదు.

పంట తీసిన చెలక నేల, యజమాని నోటి మాటతో కాకుండా కాగితం మీద ఇచ్చిన అనుమతితో వాడుకోండి. మొరం తీసి వదిలేసిన గుంత దొరికితే ఇంకా మంచిది, ఎత్తుపల్లాలు రెండూ ఉంటాయి. గ్రానైట్ క్వారీల అంచులకు మాత్రం వెళ్లవద్దు.

ప్రశ్న: యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే పోటీలకు ఇబ్బంది ఉండదా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బండికే అది వర్తిస్తుంది. పరకాల పాఠకుడు కూడా ఈ మాట గమనించాలి. ఆఫ్‌రోడ్ పోటీకి కేజ్ వెల్డింగు చేయించదలచుకుంటే ముందు ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తేల్చుకోండి. మామూలు బీమా పాలసీ పోటీలో జరిగిన నష్టానికి వర్తించదు. అందుకు నిర్వాహకులు చేయించే బీమా పత్రం చూపించమనండి. మోటారు క్రీడల జాతీయ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ గుర్తింపు ఉన్న పోటీ అయితే లైసెన్సు కూడా తీసుకోవాలి.

రంగు వేయించే ముందు చాసిస్ నంబరు మీద ఎమరీ కాగితం పడనివ్వకండి. తుప్పు ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి దాచుకోండి. తనిఖీకి వెళ్లినప్పుడు అధికారి మొదట చూసేది ఆ అంకెలనే.